పోయిన పదకొండు కేజీలు, తిరిగొచ్చిన పద్నాలుగు

ఉత్తరం రాసినామె పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. తిరుపతిలో ఉంటారు. వయసు 37, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, ఇప్పటి బరువు 73 కేజీలు. చీరల షాపులో క్యాష్ కౌంటర్ దగ్గర పని, పొద్దున పదింటికి వెళ్తే ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఇంట్లో భర్త, షుగర్ ఉన్న అత్తగారు, ఏడో తరగతి చదివే పాప.

రెండేళ్ళ కిందట 70 కేజీలున్నప్పుడు తెలిసినావిడ ఒకరు ఈమెను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్పించింది. పొద్దున, రాత్రి డబ్బాలో పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి, మధ్యాహ్నం రెండు చపాతీలు, కొన్ని కీరకాయ ముక్కలు, అంతే. మూడు నెలల్లో 11 కేజీలు తగ్గారు. షాపులో అందరూ మెచ్చుకున్నారు, గ్రూపులో ఈమె ఫోటో పెట్టుకుని ఇంకొంతమందిని చేర్చుకున్నారు. పొడి ఆపాక ఏడాది తిరిగేలోపు పోయిన పదకొండూ వచ్చేశాయి, పైన ఇంకో మూడు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, నెలసరి లెక్క తప్పింది. ఇప్పుడు మాఘమాసంలో మరిది పెళ్ళి. ఆ గ్రూపు ఆవిడ మళ్ళీ ఫోన్ చేసి పద్దెనిమిది వేలకు కొత్త ప్యాకేజీ ఉంది, పెళ్ళికి పది కేజీలు గ్యారంటీ అంటోంది. షాపులో ఇంకో అమ్మాయి బరువు తగ్గే ఇంజక్షన్ సంగతి చెప్పింది. ఈలోపల ఈమె స్వామికి మొక్కుకున్నారు, ఏడు శనివారాలు అలిపిరి నుంచి నడిచి ఎక్కుతాను, నా ఒళ్ళు తగ్గించు అని. ఎక్కడమే కాదు, ఇంకా కేలరీలు ఖర్చవుతాయని దిగడం కూడా నడిచే దిగారు. మూడో శనివారానికి కుడి మోకాలు వాచింది.

అత్తగారు, నేను చేసిన సంగటి నీకు చేదైందా అని మూతి ముడుచుకుంటారట. భర్తేమో ఒక ఇంట్లో రెండు వంటలు కుదరవు అని తేల్చేశారు. పొద్దున రెండు కాఫీలతో గడుపుతారు, రెండున్నరకు బాక్సులో కొంచెం అన్నం, ఆరింటికి ఆకలి ఆగక షాపు పక్కన బండి మీద బజ్జీలు, రాత్రి పదిన్నరకు కడుపు నిండా భోజనం. నెలకు ఇంట్లో లీటరు నూనె ప్యాకెట్లు ఆరు అవుతాయని కూడా రాశారు, అడక్కుండానే ఈ వివరం ఇచ్చినందుకు సంతోషం. ఇక చివర్లో నాలుగు లైన్లు: "మా పాప స్కూలుకు తీసుకెళ్ళిన బాక్సు సగానికి పైగా అలాగే వెనక్కి తెస్తోంది. రోజూ నా వెయిట్ మిషన్ ఎక్కి చూసుకుంటోంది. నువ్వు పొడి తాగినప్పుడు ఎంత బాగున్నావమ్మా, నాకూ తెప్పించు అంది. ఏం చెప్పాలో తెలీలేదు."

అమ్మా, మీరు చివర్లో రాసిన దాంతోనే నేను మొదలుపెడతాను. ప్యాకేజీ, పెళ్ళి, మోకాలు అన్నీ ఆ తర్వాతే.

పాపకు పన్నెండు, పదమూడేళ్ళు ఉంటాయి కదా. ఆ వయసులో ఆడపిల్లలకు పెద్దమనిషి అవడానికి ముందూ తర్వాతా ఒంట్లో కొవ్వు చేరడం, నడుము, తొడలు వెడల్పవడం సహజం, ఎముక గట్టిపడేదీ అప్పుడే, రక్తం తగ్గిపోయే ప్రమాదమూ అప్పుడే. ఈ సమయంలో తిండి మానేస్తే ఆ లోటు తర్వాత పూడ్చుకోవడం కష్టం. కాబట్టి ఈరోజే ఆ వెయిట్ మిషన్ తీసి అటక మీద పెట్టేయండి, దాని గురించి పెద్ద ప్రసంగం అక్కర్లేదు. అద్దం ముందు నిలబడి "ఎంత లావైపోయానో" అని మీరు అనుకునే మాట కూడా ఇంట్లో ఆపండి, పిల్లలు మనం చెప్పేది వినకపోయినా మనల్ని మనం ఏమంటామో మాత్రం బాగా వింటారు. బాక్సు వెనక్కి ఎందుకొస్తోందని గద్దించకండి. ఏదో ఒక రోజు తల దువ్వుతూ, స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడగండి. చాలాసార్లు వెనక ఒక మాట ఉంటుంది, ఎవరో లావు అని ఏడిపించి ఉంటారు, అదే అయితే క్లాస్ టీచరుతో మాట్లాడాల్సింది మీరు.

ఇంకొకటి, పాప చూసింది మీరు సన్నబడ్డ ఫోటోను. జుట్టు ఊడటం, నీరసం, తగ్గిందంతా తిరిగిరావడం ఆ ఫోటోలో లేవు. అవి మీరే చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. "నాకు పొడి వల్ల ఏమైందో విను" అని అమ్మ నిజం చెప్తే పిల్ల వింటుంది. ఇంత చేసినా రెండు మూడు వారాల్లో మార్పు లేకపోతే, లేదా తిన్నాక బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకుంటోందనిపిస్తే, కళ్ళు తిరుగుతుంటే, మొదలైన నెలసరి ఆగిపోతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీరే ఒకసారి చేసి మాట్లాడినా మంచిదే.

మీరు ఎంచుకునే దారి ఏదైనా సరే, నాదొకటే ప్రశ్న: మీరు చేసేదే పాప కూడా చేస్తే పాపకు నష్టమా, లాభమా? నేను ప్రతిదీ ఈ ప్రశ్న దగ్గర పెట్టే చూస్తాను, మీరూ చూడండి.

ఇక మీ గురించి. ఉత్తరంలో మూడు చోట్ల "నాకు కంట్రోల్ లేదు" అని రాశారు. నేను ఒప్పుకోను. మూడు నెలలు రోజుకు రెండు పూటలు పొడి నీళ్ళతో గడిపి, కౌంటర్లో నిలబడి, ఇంటికొచ్చి అందరికీ వడ్డించిన మనిషికి కంట్రోల్ లేదంటే ఎలా? జరిగింది వేరు. 1944, 45లలో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్ళకు ఆరు నెలలపాటు రోజుకు దాదాపు 1,570 కేలరీలకు తిండి తగ్గించారు. వాళ్ళ బరువు నాలుగో వంతు దాకా పడిపోయింది, నిజమే, కానీ ఒంట్లో శక్తి ఖర్చు కూడా పడిపోయింది, చలి, చిరాకు, పొద్దస్తమానం తిండి మీదే ధ్యాస. ఆపాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు, చాలామందికి మొదట ఉన్నదాని కంటే ఎక్కువ కొవ్వు చేరింది. వాళ్ళెవరూ మనసు గట్టిగా లేనివాళ్ళు కాదు. మీ పొడి, రెండు చపాతీల లెక్క ఆ 1,570కి కూడా చేరదు.

పైగా మొదటి వారం మూడు కేజీలు తగ్గానని మురిసిపోయారు కదా, అందులో ఎక్కువ నీళ్ళు. కండరాల్లో, లివర్లో దాచుకున్న పిండిపదార్థం ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది, తిండి ఆగగానే అది కరిగి నీళ్ళూ పోతాయి. ఆ తర్వాత పోయినదాంట్లో కొవ్వుతో పాటు కండ కూడా ఉంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కండ అంతగా రాదు, కొవ్వే ఎక్కువ వస్తుంది. అందుకే ఇప్పటి 73 అప్పటి 70 కంటే బరువుగా, నీరసంగా అనిపిస్తుంది. జుట్టు సంగతీ అంతే, శరీరానికి గట్టి దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు ఊడటం మొదలవుతుంది, కారణం పోతే మళ్ళీ వస్తుంది. ఇప్పటికీ ఊడుతోందంటే ఐరన్, థైరాయిడ్ చూపించుకోవాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ప్యాకేజీ తీసుకుంటే ఏమవుతుంది? పెళ్ళికి బహుశా ఏడెనిమిది కేజీలు తగ్గుతారు, ఫోటోల్లో సన్నగా పడతారు, ఉగాది దాటాక ఏమవుతుందో మీకు ఒకసారి అనుభవమే. పద్దెనిమిది వేలు పోవడం ఒక ఎత్తు, పాప కళ్ళ ముందు ఆ డబ్బా మళ్ళీ వంటగదిలోకి రావడం ఇంకో ఎత్తు. నా మాటగా అడిగితే వద్దు అంటాను, గట్టిగానే అంటాను. అయినా మీ డబ్బు, మీ ఒళ్ళు, నిర్ణయం మీది. తీసుకుంటానంటే డబ్బులు కట్టేముందు ఆవిడను రెండు అడగండి: డబ్బా మీద ప్రోటీన్ ఎంత, ఇంకేమేం కలిపారు అన్నది రాసి ఉందా, మూడు నెలలు అయిన మర్నాడు పొద్దున నేనేం తినాలి? రెండో ప్రశ్నకు మళ్ళీ ఇంకో డబ్బా పేరు చెప్తే మీకు జవాబు దొరికినట్టే. ఆ డబ్బా ఫోటో తీసి ఒక డాక్టరుకు చూపించి గానీ మొదలుపెట్టకండి.

ఇంజక్షన్ గురించి. మౌంజారో, వెగోవీ రెండూ 2025లో మన దేశంలోకి వచ్చాయి, ఆకలి తగ్గించి బరువు తగ్గిస్తాయి, పనిచేస్తాయి కూడా. కానీ ఇవి డాక్టరు చీటీ మీద, పరీక్షలు చేసి, పర్యవేక్షణలో వాడాల్సిన మందులు. సాధారణంగా బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క, 30 దాటినవాళ్ళకు, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్ళకు ఇస్తారు. మీది లెక్క వేస్తే 30 దాటి కొంచెం ఉంది కాబట్టి అడగడంలో తప్పేం లేదు. వాంతులు, వికారం, మలబద్ధకం మామూలుగా వచ్చే ఇబ్బందులు, ఖర్చు నెలనెలా ఉంటుంది, ఆపితే తగ్గిన దాంట్లో చాలా భాగం తిరిగొస్తుందని ఇప్పటికే తేలింది. అంటే ఇంజక్షన్ తీసుకున్నా కింద చెప్పబోయే పని తప్పదు. షాపులో అమ్మాయి ఎక్కడో తక్కువకి ఇప్పిస్తానంటే మాత్రం అసలు వద్దు.

మూడో దారి నిదానంగా వెళ్ళేది. వారానికి అరకేజీ, కొన్ని వారాలు అదీ ఉండదు. పెళ్ళి నాటికి నాలుగైదు కేజీలు. వినడానికి తక్కువే, కానీ 73లో అయిదు శాతం అంటే మూడున్నర, నాలుగు కేజీలు, అంత తగ్గినా బీపీ, షుగర్ వచ్చే ప్రమాదం తగ్గుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. దీని కష్టం ఇంకోచోట ఉంది. ఎవరూ మెచ్చుకోరు, మొదటి రెండు నెలలు ఎవరికీ కనపడదు కూడా. మెప్పుకు అలవాటుపడ్డ మనసుకు అది కొంచెం భారమే, ముందే తెలిసుంటే మంచిది.

ఈ దారిలో మొదట మార్చాల్సింది రాత్రి భోజనం అనుకుంటున్నారు మీరు. కాదు, పొద్దున కాఫీ. మీ రోజు ఒకసారి గడియారంతో పాటు చూడండి. నిద్ర లేచి రెండు కాఫీలు, పాప ఇడ్లీ తింటుంటే మీరు గ్లాసు పట్టుకుని వంటగది గడప దగ్గర నిలబడి ఉంటారు, మీరే రాశారు. రెండున్నర దాకా ఏమీ లేదు. అప్పుడు కూడా తగ్గాలని కొంచెమే అన్నం. ఆరింటికి చేతులు వణుకుతున్నట్టు ఉంటుంది, ఎదురుగా నూనెలోంచి తీసిన బజ్జీ. అక్కడ బజ్జీ తిన్నది మీ బలహీనత కాదు, పొద్దుటి నుంచి అణచిపెట్టిన ఆకలి. ఆ బజ్జీలు కూడా సరిపోవు, రాత్రి పదిన్నరకు రెండు పూటల తిండి ఒకేసారి తింటారు, తిని పడుకుంటారు, పొద్దున ఆకలి వేయదు కాబట్టి మళ్ళీ కాఫీ. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెంపాలి, తేలిగ్గా తెగేది పొద్దునే.

ఎనిమిదింటికి పాప పక్కన కూర్చుని తినండి. మూడు ఇడ్లీలు, పలచటి సాంబారు, గుడ్డు తినే ఇల్లయితే ఒక ఉడికిన గుడ్డు, లేకపోతే గ్లాసు పాలో, పెసరట్టో. మీరు బయట ఉండేది రాత్రి పది దాకా, పాప అప్పటికి తినేసి ఉంటుంది, అంటే మీ ఇద్దరూ కలిసి తినగలిగే పూట రోజులో ఇదొక్కటే. ఇన్నాళ్ళూ ఆ పూట పాప చూసింది తినని అమ్మను. ఈ ఒక్క మార్పు మీకూ పాపకూ ఒకేసారి పనిచేస్తుంది, అందుకే దీని మీద ఇంతసేపు చెప్తున్నాను.

సాయంత్రం అయిదింటికే, ఆకలి ముదరకముందే, ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న డబ్బా తెరవండి. అలసంద గుగ్గిళ్ళు, శనగ గుగ్గిళ్ళు, ఒక జామకాయ, మజ్జిగ. చెనిగ్గింజలు, అదే వేరుశనగలు, మంచివే గానీ కొలత ఉండాలి, 30 గ్రాములు అంటే చిన్న గుప్పెడు 170 కేలరీలు అవుతాయి, మాటల్లో పడి తింటే మూడు గుప్పెళ్ళు తెలీకుండా వెళ్ళిపోతాయి. బజ్జీలు పూర్తిగా మానేయమనను, వారానికి ఒకరోజు పెట్టుకోండి, రెండు తినండి, దాచుకోకుండా తినండి.

రాత్రికి రెండు పద్ధతులు. షాపులో ఏడున్నరకు పది నిమిషాలు వదిలితే అక్కడే ఒక చిన్న బాక్సు తినేసి ఇంట్లో మజ్జిగతో సరిపెట్టుకోవడం ఒకటి. ఒంటికి ఇది మంచిది, కాకపోతే రాత్రి మీ ఆయనతో, అత్తగారితో కూర్చుని తినేది పోతుంది, పెద్దావిడ ఇంకా నొచ్చుకుంటారేమో చూసుకోండి. రెండోది, పదింటికి ఇంట్లోనే తినడం, కాకపోతే కంచంలో సగం కూర, పప్పు, ఆకుకూర, మిగతా దాంట్లో అన్నమో సంగటో. గుగ్గిళ్ళు తిని ఉంటారు కాబట్టి అంత ఆకలి ఉండదు. మీ ఇంటి సంగతి చదివాక నాకు రెండోదే కుదురుతుందనిపిస్తోంది, నాలుగు రోజులు చేసి చూసి మీరే తేల్చుకోండి.

రెండు వంటలు కుదరవన్న మీ ఆయన మాట నిజానికి న్యాయమైనదే. రెండు వంటలు అక్కర్లేదు, ఉన్న వంటే మారాలి, అందరికీ మారాలి. మీరు రాసిన ఆరు ప్యాకెట్ల నూనె తీసుకోండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 27 గ్రాముల దాకా నూనె, నెయ్యి కలిపి. నలుగురికి నెలకు లెక్కేస్తే మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో రెండున్నర లీటర్లు ఎక్కువ. కాచిన నూనె కొంత పారబోసినా, మిగిలింది ఒక్కొక్కరికి రోజుకు నూట యాభై కేలరీల దాకా వస్తుంది, ఎవరూ ముద్ద తగ్గించుకోకుండా తగ్గించగలిగేది ఇదే. సీసా ఎత్తి బాణలిలో వంచడం మానేసి చెంచాతో కొలిచి పోయండి, నెలకు ఆరు అయిదవుతాయి, తర్వాత నాలుగు. ఒకేసారి నాలుగుకు దించితే ఇంట్లో గొడవ అవుతుంది, వేపుళ్ళు రోజూ చేసేవాళ్ళు వారానికి రెండు రోజులు చేయండి చాలు.

అత్తగారి సంగటి గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. రాగుల్లో కాల్షియం బాగా ఉంది, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే, పీచు కూడా ఎక్కువే. కానీ కేలరీల్లో రాగిపిండికీ బియ్యానికీ పెద్ద తేడా లేదు, సంగటిలో ఎలాగూ బియ్యం పడతాయి. కాబట్టి సంగటి తింటే తగ్గిపోతారన్నదీ నిజం కాదు, సంగటి వల్ల లావయ్యారన్నదీ నిజం కాదు. ముద్ద సైజు ఒక్కటే లెక్క. అప్పటివాళ్ళు పెద్ద ముద్ద తిని పొద్దస్తమానం చేలో వంగి పనిచేసేవాళ్ళు, మీరు కౌంటర్ దగ్గర ఉంటారు. అదే ముద్ద సగం చేసి, పక్కన చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి తగ్గించి, ఆకుకూర పప్పు రెండు గరిటెలు ఎక్కువ వేసుకోండి. ఇది ఆవిడతో ఎలా చెప్పాలి? "నాకు వద్దు" అన్నప్పుడే ఆవిడ నొచ్చుకున్నారు. "మీరు పాతరోజుల్లో చేసే అనపగింజల పులుసు చేసి పెట్టండత్తా, మీ షుగర్‌కీ మంచిదే, నాకూ మంచిదే" అనండి, ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఈ చలికాలం అనపకాయల కాలమే, పితికిపప్పు చేయించుకోండి, మీకు కావలసిన ప్రోటీన్ అందులో కొంత వస్తుంది. రోజుకు 55, 60 గ్రాముల ప్రోటీన్ మీకు అందాలి, పప్పు, పెరుగు, గుడ్డు, గుగ్గిళ్ళు ఇవన్నీ కలిస్తే తప్ప అది రాదు. తగ్గేటప్పుడు కండ పోకుండా కాపాడేది ఇదీ, కొంచెం వ్యాయామమూ.

ఇక మొక్కు. ఇది రాయడానికి కొంచెం వెనకాడాను, ఎందుకంటే భక్తిలో వేలు పెట్టే హక్కు నాకు లేదు. కానీ మోకాలు వాచిందన్నారు కాబట్టి చెప్పాలి. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిలువుగా ఉంటుంది, తర్వాత కాస్త నేల మీద నడక, చివర్లో మోకాళ్ళ మెట్టు. రోజూ నడక అలవాటు లేని మనిషి ఒకేసారి అంత ఎక్కి, పైగా నడిచే దిగితే మోకాలు ఏమవుతుంది? మెట్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మోకాలి మీద శరీరం బరువుకు మూడు నాలుగు రెట్లు పడుతుంది. దిగేటప్పుడు తొడ కండరాలు బ్రేకులు వేస్తూ సాగుతాయి, మర్నాటి నొప్పంతా అక్కడిదే. ఇంత చేసి కేలరీలు ఖర్చయ్యేది వారంలో ఆ ఒక్కరోజే. పైన తినే లడ్డుతో వాటిలో కొంత తిరిగొచ్చేస్తుంది. ప్రసాదం వద్దనడం లేదు, కళ్ళకద్దుకుని చిటికెడు తిన్నా ప్రసాదమే, మిగతాది పంచండి. చెప్పేదేంటంటే వారానికి ఒకరోజు కొండెక్కడం బరువు తగ్గే ఉపాయం కాదు. అది స్వామి కోసం ఎక్కేది, అలాగే ఉంచండి.

మొక్కును ఏం చేయాలన్నది మీరు, మీ ఇంటి పెద్దలు మాట్లాడుకోవాల్సింది. నాకు తోచినవి చెప్తాను. ముందు ఎముకల డాక్టరుకు మోకాలు చూపించి, వాపు తగ్గేదాకా ఆపండి. మిగిలిన నాలుగు శనివారాలు రెండు మూడు నెలల తర్వాత, నడక అలవాటయ్యాక పూర్తి చేయొచ్చు, అప్పుడు ఎక్కడం నడిచి, దిగడం బస్సులో. వరుసగా చేయకపోతే ఫలం ఉండదేమోనన్న భయం ఉంటే మీ పురోహితుడిని అడిగి మనసు తేలిక చేసుకోండి. శ్రీవారి మెట్టు దారి దగ్గర కదా అనుకోవద్దు, 2,388 మెట్లు రెండు కిలోమీటర్ల చిల్లరలోనే ఉంటాయి, అంటే ఇంకా నిటారు. పట్టుదలగా ఈ శనివారమే వెళ్తానంటే మిమ్మల్ని ఎవరూ ఆపలేరు, కానీ ఆ మోకాలు పాడైతే కొండ సంగతి అటుంచి రేపు బజారుకు వెళ్ళడం కూడా కష్టమవుతుంది.

మోకాలు కుదుటపడ్డాక రోజువారీ నడక. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఆరు రోజులు పాతికేసి నిమిషాలు చాలు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం. దగ్గరైతే ఎస్వీ యూనివర్సిటీ లోపలి రోడ్లు ఉన్నాయి, పొద్దున ఎంతోమంది ఆడవాళ్ళు నడుస్తుంటారు, లేదా ప్రకాశం పార్కు. అంత దూరం వెళ్ళే టైం లేకపోతే మీ మిద్దె మీదే నడవండి, పది నిమిషాలు పొద్దున, పదిహేను రాత్రి తిన్నాక. పాపను కూడా రమ్మనండి, కబుర్లకు రమ్మనండి, తగ్గడానికి అని మాత్రం అనకండి. గ్రూపులో పదివేల అడుగులు తప్పనిసరి అన్నారని రాశారు. ఆ పదివేలు 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ ఒకటి అమ్మేటప్పుడు దానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, వైద్యులు పెట్టిన హద్దు కాదు. మీరిప్పుడు మూడు వేలు నడుస్తుంటే అయిదు వేలు మంచి పెరుగుదలే.

కండ కోసం జిమ్ముకి వెళ్ళొచ్చు, మంచి ట్రైనర్ దొరికితే బాగా ఉపయోగం, కానీ పది నుంచి పది దాకా పనిచేసే మీకు పొద్దున ఆరింటి జిమ్ము ఎన్నాళ్ళు సాగుతుందో ఆలోచించి డబ్బు కట్టండి, ఏడాదికి ఒకేసారి మాత్రం కట్టొద్దు. ఇంట్లో చేయాలంటే కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా కూర్చుని లేవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి దండీలు పదిసార్లు, వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం పదిహేను సార్లు. వారానికి మూడు రోజులు. మోకాలికి రక్ష ఆ పైన ఉన్న తొడ కండరమే, కాబట్టి ఇది కొండకు కూడా పనికొస్తుంది. నొప్పి పెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

నడవలేని వారం వస్తుంది, పండగ సేల్ ఉన్న వారం, అత్తగారిని ఆసుపత్రికి తిప్పే వారం. అప్పుడు అన్నీ వదిలేయకుండా ఒక్కటి పట్టుకోండి, పొద్దున పాపతో టిఫిన్. మిగతావి తర్వాతి వారం మొదలవుతాయి.

మిషన్ అటకెక్కించాక మీ లెక్క ఎలా? నెలకు ఒకసారి టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలుచుకోండి, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు. బరువు పదిహేను రోజులకు ఒకసారి షాపు దగ్గర మెడికల్ షాపులో చూసుకోవచ్చు. పెళ్ళి బ్లౌజు మాత్రం తగ్గబోయే కొలతలకు కుట్టించకండి, పెళ్ళికి పది రోజుల ముందు ఆ బ్లౌజే మిమ్మల్ని ఉపవాసాలకు తోస్తుంది. ఇప్పటి కొలతలకే, లోపల గుడ్డ వదిలి కుట్టించండి, తగ్గితే కుట్టు వేసుకోవడం దర్జీకి పది నిమిషాల పని.

అన్నిటికంటే ముందు ఈ వారం వీక్లీ ఆఫ్ రోజున పరగడుపున వెళ్ళి రక్తపరీక్షలు చేయించుకోండి, ఆ పొద్దున కాఫీ కూడా తాగకుండా. థైరాయిడ్, ఫాస్టింగ్ షుగర్, మూడు నెలల సగటు షుగర్, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ, బీ12, డి విటమిన్. నెలసరి తప్పుతోందన్నారు కాబట్టి రిపోర్టులు పట్టుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య, ఉందేమో ఆవిడే చూస్తారు. థైరాయిడ్ బయటపడితే మాత్ర పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకోవాలి, కాఫీకీ దానికీ కనీసం అరగంట ఎడం ఉండాలి, మీ ఉదయాల్లో కాఫీదే మొదటి స్థానం కాబట్టి ముందే చెప్తున్నాను.